జీఎల్-4 అడిగే గేర్‌బాక్సులో జీఎల్-5 పోయవచ్చా?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది. పదేళ్ల నాటి హ్యుందాయ్ చిన్న కారు, 72 వేల కిలోమీటర్లు తిరిగింది. రోజూ మధురవాడ నుంచి గాజువాకకు ఉద్యోగానికి వెళ్లివస్తారు. పోయిన నెల కుటుంబమంతా అరకు వెళ్లివచ్చినప్పటి నుంచి ఉదయం పూట రెండో గేరు బిరుసుగా పడుతోంది, కాస్త తొందరపడి మారిస్తే గరగరమంటోంది. కొన్నప్పటి నుంచి గేర్ ఆయిల్ మార్చలేదు. మీ మెకానిక్ దాన్ని ఎప్పటికీ మార్చనవసరం లేదన్నారు. విడిభాగాల దుకాణంలో మాత్రం జీఎల్-4 రకానికి బదులు 80డబ్ల్యూ-90 చిక్కదనం ఉన్న జీఎల్-5 గేర్ ఆయిల్ డబ్బా ఇచ్చి, నాలుగు కంటే ఐదు మేలే కదా అన్నారు. అది పోయించవచ్చా అని అడిగారు.

పోయించకండి. సీలు తీయని డబ్బా అయితే ఈరోజే వెనక్కి ఇచ్చేయండి. ఇరవై ఆరేళ్లుగా గాజువాక ఆటోనగర్‌లో గేర్‌బాక్సులు విప్పి బిగిస్తున్నాను. నూనె సరిగా లేక పాడైన పెట్టెలు చాలా చూశాను. వాటిలో ఎక్కువ భాగం నూనె మార్చకపోవడం వల్లనో, తప్పు నూనె పోయడం వల్లనో నా బల్ల మీదికి వచ్చినవే. అందుకే ఈ విషయం కాస్త వివరంగా రాస్తున్నాను.

ఇంజన్‌లో నూనె ప్రధానంగా ఒరిపిడి తగ్గించాలి. గేర్‌బాక్సులో నూనె మాత్రం రెండు ఎదురెదురు పనులు చేయాలి. పళ్ల చక్రాల మధ్య అది జారుడుగా ఉండాలి. సింక్రో రింగుల దగ్గర అదే నూనె పట్టు ఇవ్వాలి. ఈ రెండో పని సంగతి తెలియకపోవడం వల్లే 'ఐదు మేలు' అనే మాట పుడుతోంది.

సింక్రో రింగు ఏం చేస్తుందో చూడండి. కదులుతున్న బస్సు ఎక్కేవాడు ముందు బస్సుతోపాటు నాలుగడుగులు పరుగెత్తి, దాని వేగం తన కాళ్లకు వచ్చాకే కమ్మీ పట్టుకుని కాలు పెడతాడు. మీరు ఒకటి నుంచి రెండుకు గేరు మార్చినప్పుడు లోపల జరిగేది ఇదే. రెండో గేరు చక్రం ఒక వేగంతో, షాఫ్టు మరో వేగంతో తిరుగుతుంటాయి. మీరు లివరు నెట్టగానే స్లీవ్ అనే జారే కడియం ముందుకు జరిగి, ఇత్తడి రింగును చక్రానికి ఉన్న కోన్ (శంకువు ఆకారపు భాగం) మీద ఒత్తుతుంది. ఆ ఒరిపిడితో రెండు వేగాలూ ఒకటవుతాయి, అప్పుడే పళ్లు ఒకదానిలోకి ఒకటి చప్పుడు లేకుండా దిగుతాయి. ఇదంతా సెకనులో చిన్న భాగం. రింగు లోపలి వైపు సన్నని గాడులుంటాయి. కోన్ మీద ఉన్న నూనె పొరను అవి తుడిచి పక్కకు నెట్టాలి, లేకపోతే లోహానికి లోహం పట్టు దొరకదు. నూనె మరీ జారుడుదైతే ఆ రింగు పరిస్థితి అరికాళ్లకు సబ్బు రాసుకుని బస్సు వెంట పరుగెత్తేవాడి పరిస్థితే. వేగాలు కలవకముందే పళ్లు తగులుతాయి. మీకు వినిపిస్తున్న గరగర అదే.

ఇక జీఎల్-4, జీఎల్-5 అంటే ఒకే తరగతిలో మార్కులు కావు. అమెరికన్ పెట్రోలియం ఇన్‌స్టిట్యూట్ వాడకాన్ని బట్టి పెట్టిన గుర్తులు అవి. వెనక చక్రాలతో నడిచే బొలేరో, ఇన్నోవా క్రిస్టా వంటి బండ్ల వెనక ఇరుసులో క్రౌన్, పినియన్ అనే పళ్ల చక్రాల జత ఉంటుంది. వాటి పళ్లు ఒకదాని మీద ఒకటి దొర్లడంతోపాటు గట్టి ఒత్తిడి కింద పక్కకు జారుతాయి కూడా. ఆ ఒత్తిడికి మామూలు నూనె పొర తెగిపోతుంది. అందుకని గంధకం, భాస్వరం కలిసిన రసాయనాలు జీఎల్-5లో ఎక్కువ మోతాదులో కలుపుతారు, సుమారుగా జీఎల్-4లో ఉండే దానికి రెట్టింపు. అవి వేడికి ఉక్కుతో చర్య జరిపి, దాని మీద తామే ఒక రక్షణ పొరగా ఏర్పడతాయి. ఆ ఇరుసుకు ఇది ప్రాణం లాంటిది. అక్కడ జీఎల్-4 పోస్తే క్రౌన్, పినియన్ త్వరగా అరిగిపోతాయి. కాబట్టి జీఎల్-5 చెడ్డ నూనె కాదు, అది వేరే ఇంటి మందు.

మీ కారు ముందు చక్రాలతో నడిచేది. దీనిలో గేర్‌బాక్సు, రెండు చక్రాలకూ బలం పంచే డిఫరెన్షియల్ ఒకే పెట్టెలో, ఒకే నూనెలో ఉంటాయి. డిఫరెన్షియల్ ఉంది కాబట్టి జీఎల్-5 కావాలేమోనని కొందరికి అనుమానం వస్తుంది. ముందు చక్రాల బండిలో ఆ డిఫరెన్షియల్ చక్రానికి ఉండేవి వాలు పళ్లే, వెనక ఇరుసులో ఉండే రకం కావు. జీఎల్-4 దానికి చాలు.

ఇత్తడి మాట కూడా చెప్పాలి. జీఎల్-5లోని గంధకం ఇత్తడి రింగులను తినేస్తుందని చాలామంది భయపెడతారు. గంధకం బాగా వేడెక్కినప్పుడు రాగి కలిసిన లోహాలను తినే మాట నిజమే. పాత తరం నూనెల్లో ఈ బెడద ఎక్కువగా ఉండేది. ఇప్పటి మంచి జీఎల్-5 నూనెల్లో ఆ చురుకుదనం తగ్గించారు. అందువల్ల ఇప్పటికే ఎవరైనా పొరపాటున జీఎల్-5 పోయించి ఉంటే రాత్రికి రాత్రి రింగులు కరిగిపోవు, కంగారు పడవద్దు. వీలైనంత త్వరగా దించి సరైనది పోయించుకుంటే చాలు. నా అనుభవంలో పెద్ద నష్టం ఆ జారుడు వల్లే వస్తుంది. గేరు పడక, బలంగా నెట్టి, నెట్టి, రింగు పళ్ల మొనలు గుండ్రంగా అరిగిపోతాయి.

డబ్బా మీద జీఎల్-4, జీఎల్-5 రెండూ కలిపి రాసి ఉంటే మరింత జాగ్రత్తగా ఉండాలి. జీఎల్-5 మోతాదులో రసాయనాలున్న నూనె బరువు మోయడంలో జీఎల్-4ను ఎలాగూ దాటుతుంది. ఆ మాట పట్టుకుని రెండూ రాస్తారు. సింక్రో రింగుకు అది పడుతుందా లేదా అనేది ఆ రాతలో లేదు. మాన్యువల్ గేర్‌బాక్సు కోసం, సింక్రో ఉన్నవాటి కోసం అని విడిగా రాసి ఉంటే తప్ప నేను అటువంటిది పోయను.

ఇప్పుడు చిక్కదనం. మీ హ్యుందాయ్ పుస్తకం తెరవండి. ఆ కాలపు చిన్న కార్లకు 75డబ్ల్యూ-85, జీఎల్-4 అని ఉంటుంది, పరిమాణం రెండు లీటర్లకు కాస్త అటూ ఇటూ. మీ పుస్తకంలో ఏముందో అదే కొనండి, నా మాట మీద కాదు. మారుతి కార్ల పుస్తకాల్లో మోడల్‌ను బట్టి 75డబ్ల్యూ-80, 75డబ్ల్యూ-90 కనిపిస్తాయి. హోండా తన సొంత ఎంటీఎఫ్ (మాన్యువల్ గేర్‌బాక్సు నూనె) అడుగుతుంది, అది దొరకనప్పుడు తాత్కాలికంగా ఇంజన్ ఆయిల్ వాడవచ్చని తన పుస్తకాల్లో తానే రాసింది. కొన్ని కంపెనీల మాన్యువల్ గేర్‌బాక్సులు ఆటోమేటిక్ బండ్లలో వాడే ఎర్రని పలుచని నూనెతో నడుస్తాయి. అటువంటి దానిలో మన దగ్గర అలవాటుగా పోసే తొంభై నంబరు ఆయిల్ పోస్తే చలికాలం ఉదయం గేరు కదలదు. 'అన్ని బండ్లకూ ఇదే పోస్తాం' అనే దుకాణంలో దయచేసి గేర్ ఆయిల్ మార్పించకండి.

అంకెల విషయంలో ఇంకో అపోహ ఉంది. గేర్ ఆయిల్ 90 అనగానే ఇంజన్ ఆయిల్ 40 కంటే రెండింతలు చిక్కనిదని అనుకుంటారు. ఆ రెండూ వేర్వేరు కొలబద్దలు. వంద డిగ్రీల వేడి దగ్గర గేర్ ఆయిల్ 90, ఇంజన్ ఆయిల్ 40 దాదాపు ఒకే చిక్కదనంతో ఉంటాయి. డబ్ల్యూకు ముందున్న అంకె గడ్డకట్టే చలిలో నూనె ఎలా పారుతుందో చెబుతుంది. 75డబ్ల్యూను పరీక్షించేది సున్నాకు 40 డిగ్రీలు కింద, 80డబ్ల్యూను 26 డిగ్రీలు కింద. విశాఖలో జనవరి తెల్లవారుజామున కూడా అంత చలి ఎక్కడ ఉంది? అయినా ఈ అంకె మనకు అక్కరకు రాదని తోసిపుచ్చకూడదు. రాత్రంతా నిలిచిన బండిలో, ఇరవై, ముప్పై డిగ్రీల దగ్గర, 75డబ్ల్యూ-80తో పోలిస్తే 80డబ్ల్యూ-90 రెండింతలో అంతకు మించో చిక్కగా ఉంటుంది. మొదటి రెండు కిలోమీటర్లు రెండో గేరు బిరుసుగా ఉండటానికి ఆ తేడా చాలు. లంబసింగిలో రాత్రి బస చేసి, సున్నా దగ్గరి చలిలో ఉదయం బండి తీసినవారికి ఇది చేతికే తెలుస్తుంది. దుకాణదారు ఇచ్చిన డబ్బా మీ బండికి రెండు విధాలా తప్పు. జీఎల్-5 కావడం ఒకటి, పుస్తకం అడిగిన దానికంటే చిక్కగా ఉండటం రెండోది.

అయితే నూనె కొనకముందు ఒక పరీక్ష చేయండి. రెండు నిమిషాల పని, వేల రూపాయలు మిగలవచ్చు. ఇంజన్ ఆపి, బండి నిలిపి, క్లచ్ పూర్తిగా నొక్కి గేర్లన్నీ ఒక్కొక్కటిగా వేసి చూడండి. తర్వాత ఇంజన్ నడుపుతూ అదే చేయండి. ఇంజన్ ఆగి ఉన్నప్పుడు సులువుగా పడి, నడుస్తున్నప్పుడు అన్ని గేర్లూ మొరాయిస్తే, ముఖ్యంగా రివర్స్ వేసేటప్పుడు కరకరమంటే, తప్పు గేర్ ఆయిల్‌ది కాదు. క్లచ్ పూర్తిగా విడిపోవడం లేదు. కేబుల్ సర్దాలి లేదా క్లచ్ పని ఉంది. ఇంజన్ ఆగి ఉన్నా బిరుసుగానే ఉంటే లివరు కింది కేబుళ్లూ కీళ్లూ చూడాలి. ఈ రెండూ బాగుండి, బండి కదులుతున్నప్పుడు ఒక్క రెండో గేరే గరగరమంటుంటే అప్పుడు నూనె, సింక్రో రింగు మీద అనుమానం పెట్టుకోవాలి. మీరు రాసిన తీరు చూస్తే మీది ఈ మూడో రకమే అనిపిస్తోంది.

అరకు ప్రయాణం దీన్ని పుట్టించలేదు, బయటపెట్టింది. శృంగవరపుకోట దాటి అనంతగిరి ఘాట్ ఎక్కి దిగేటప్పుడు రెండు, మూడు గేర్ల మధ్య ఎన్నిసార్లు మార్చి ఉంటారో గుర్తు చేసుకోండి. నిండా మనుషులు, సామాను, ఎత్తు, వేడి. దిగేటప్పుడు బ్రేకుల మీద కూర్చోకుండా రెండో గేరులో దిగడం మంచి పద్ధతే, ఆ భారమంతా మోసేది మాత్రం గేర్‌బాక్సే. ఊళ్లో కూడా మీ దారి తేలికైనది కాదు. హనుమంతవాక, మద్దిలపాలెం, ఎన్ఏడీ దాటి గాజువాక చేరేలోగా ఒకటి, రెండు, మూడు మళ్లీ ఒకటి. హైవే మీద 72 వేలు తిరిగిన బండికీ మీ బండికీ రెండో గేరు రింగు అరుగుదలలో చాలా తేడా ఉంటుంది.

'జీవితాంతం మార్చనవసరం లేదు' అనే మాట మీ మెకానిక్ సొంతంగా కల్పించింది కాదు, కొన్ని కంపెనీల పుస్తకాల్లో మామూలు వాడకం పట్టికలో అలాగే ఉంటుంది. అదే పుస్తకంలో ఇంకొంచెం ముందుకు వెళితే కఠినమైన వాడకం అని మరో పట్టిక ఉంటుంది. కొండ దారులు, వేసవి వేడిలో ఆగి ఆగి నడిచే రద్దీ, దుమ్ము, ఉప్పు గాలి అందులోకి వస్తాయి. విశాఖ బండి ఏ పట్టికలోకి వస్తుందో వేరే చెప్పాలా? ఇంజన్‌కు ఫిల్టర్ ఉంది, చాలా మాన్యువల్ గేర్‌బాక్సులకు ఫిల్టరే లేదు. అరిగిన ప్రతి రజనూ అదే నూనెలో తిరుగుతూ ఉంటుంది. నూనె దించే డ్రెయిన్ ప్లగ్గుకు ఉన్న అయస్కాంతం ఇనుప రజను పట్టుకుంటుంది, ఇత్తడిని అది పట్టుకోదు. నా దగ్గరకు వచ్చే చిన్న కార్లకు నేను 50 వేల కిలోమీటర్లకు ఒకసారి మారుస్తాను. ఘాట్‌లో తరచూ తిరిగే అద్దె బండ్లకు 40 వేలకే.

పని చేయించే రోజు మీరు పక్కనే నిలబడండి. అన్నిటికంటే ముఖ్యమైన మాట ఇది: దించే ప్లగ్గు ముట్టుకోకముందే నింపే ప్లగ్గు విప్పాలి. పని నేర్చుకున్న తొలి ఏడాదిలో నేను ఒక బండి నూనె మొత్తం దించేసి, తర్వాత పక్కనున్న నింపే ప్లగ్గు మీద పానా వేశాను. సముద్రపు గాలికి తుప్పు పట్టి అది కదలలేదు. బలం చేస్తే తల గుండ్రంగా అరిగిపోయింది. నూనె లేని గేర్‌బాక్సుతో ఆ బండి రెండు రోజులు షెడ్డులో ఉండిపోయింది. దాని యజమాని కూతురి పెళ్లి పనుల మీద తిరగవలసిన మనిషి. ఆయన ఒక్క మాట అనలేదు, అది నాకు ఇప్పటికీ బాధే. ఆనాటి నుంచి నింపే ప్లగ్గు ముందు విప్పి చేతికి వచ్చాకే రెండోదాని జోలికి వెళుతున్నాను. కదలకపోతే ముందు రోజు రాత్రే తుప్పు వదిలించే నూనె కొట్టి ఉంచాలి.

బండి ఐదారు కిలోమీటర్లు నడిచి కాస్త వేడెక్కాక దించితే నూనె పలుచబడి, అడుగున ఉన్న రజనుతో సహా బయటికి వస్తుంది. చెయ్యి కాలేంత వేడి వద్దు. బండి నాలుగు వైపులా సమంగా ఉండాలి. మన ఊళ్లో సగం వీధులు వాలు మీదే ఉంటాయి కాబట్టి ఇంటి ముందు చేయించే పని కాదిది, ర్యాంపో పిట్టో ఉన్నచోటే చేయించండి. ఒక్క జాకీ మీద నిలిపిన బండి కిందికి మనిషిని దూరనివ్వకండి, ఎంత అనుభవం ఉన్నవాడినైనా సరే.

దిగిన నూనెను పారబోయనివ్వకండి, ముందు చూడండి. తెల్లని పళ్లెంలో కొంచెం పోసి ఎండలో వంచితే లోపలి సంగతి చాలావరకు తెలుస్తుంది. అయస్కాంతం మీద బూడిద రంగు మెత్తటి ముద్ద ఉంటే అది మామూలు అరుగుదల. తుడిచి పెట్టండి. గుచ్చుకునే ముక్కలు, పంటి విరుగు, పెచ్చులు ఉంటే గేర్‌బాక్సు విప్పవలసిందే, కొత్త నూనె దాన్ని కాపాడదు. నూనెలో సన్నటి బంగారు రంగు తళుకు కనిపిస్తే అది ఇత్తడి, సింక్రో రింగు అరుగుతోందని అర్థం. కొద్దిగా ఉంటే ఈ వయసు బండికి సహజమే. నూనె పాలు కలిపిన కాఫీలా ఉంటే నీరు చేరింది. వానాకాలంలో రైల్వే వంతెనల కింద మోకాటి లోతు నీటిలోంచి బండి తీసుకెళ్లినవారికి ఇది ఎక్కువగా జరుగుతుంది. వేడిగా ఉన్న పెట్టె చల్లటి నీటిలో మునగగానే లోపలి గాలి కుంచించుకుని, పైనున్న గాలి గొట్టం నుంచి నీటిని పీల్చుకుంటుంది. అటువంటప్పుడు ఒకసారి మార్చి, కొన్ని వందల కిలోమీటర్లు తిరిగాక మళ్లీ మార్చాలి.

ఎంత దిగిందో కొలవడం మరవద్దు. ఇంజన్ ఆయిల్ లాగా గేర్ ఆయిల్ మండి తగ్గదు. రెండు లీటర్లు ఉండవలసినచోట లీటరున్నర దిగితే మిగతాది ఎక్కడో కారిపోయింది. ముందుగా చూడవలసింది చక్రాలకు వెళ్లే షాఫ్టులు గేర్‌బాక్సులోకి దూరే చోట ఉన్న సీళ్లు. అక్కడ జిడ్డుగా, దుమ్ము అంటుకుని నల్లగా ఉంటే సీలు మార్చాకే కొత్త నూనె పోయాలి. మీ బండికి తరుగు బాగా కనిపిస్తే ఘాట్‌లో వచ్చిన ఇబ్బందికి సగం కారణం అదే అయి ఉంటుంది.

ప్లగ్గుల వాషర్లు కొత్తవి వేయించండి, అవి ఒకసారి బిగిస్తే నలిగిపోయే రకం. ప్లగ్గును బలమంతా పెట్టి బిగించకూడదు. గేర్‌బాక్సు పెట్టె అల్యూమినియం, మర పోతే పెట్టెకే ముప్పు. కొత్త నూనెను చేతిపంపుతోనో, పై నుంచి గొట్టం తగిలించిన గరాటుతోనో నెమ్మదిగా పోయాలి. సమంగా ఉన్న బండిలో నింపే రంధ్రం కింది అంచు దాకా వచ్చి, చుక్కచుక్కగా కారడం మొదలైతే మట్టం సరిపోయినట్టు. ఎక్కువ పోస్తే మేలని ఇరికించి పోయకూడదు, నురగ కట్టి సీళ్ల నుంచి బయటపడుతుంది. రింగుల పట్టు పెంచుతాయని, చప్పుడు తగ్గిస్తాయని అమ్మే చిన్న సీసాల మందులేవీ కలపనివ్వకండి. ఆ నూనె కూర్పు సింక్రో కోసం లెక్కగా చేసినది. పాత నూనెను మాత్రం వీధి కాలువలోకి పోనివ్వకండి. మన కాలువలూ గెడ్డలూ చివరికి సముద్రంలోకే పోతాయి. వాడిన నూనెను కొనుక్కుని వెళ్లేవారు ఆటోనగర్‌లో వస్తుంటారు, వర్క్‌షాపు డ్రమ్ములో పోయించండి.

మార్చిన వెంటనే తేడా కొంత తెలుస్తుంది, పూర్తిగా కుదురుకోవడానికి రెండు మూడు వందల కిలోమీటర్లు పట్టవచ్చు. ఉదయపు బిరుసు చాలావరకు తగ్గుతుందని నేను నమ్మకంగా చెప్పగలను. గరగర సంగతి రింగు ఎంత అరిగిందో దాన్ని బట్టి ఉంటుంది. అరిగిన ఇత్తడిని ఏ నూనే తిరిగి పుట్టించలేదు. అలా మిగిలిపోతే వెంటనే గేర్‌బాక్సు దించమని నేను అనను. ఒకటి నుంచి రెండుకు వెళ్లేటప్పుడు న్యూట్రల్‌లో ఒక్క క్షణం ఆగి, లివరును వేలితో నెట్టినంత మెత్తగా నెట్టండి. అలా జాగ్రత్తగా నడిపి మరో 30 వేలు తిప్పినవారు నాకు తెలుసు. క్లచ్ ప్లేటు మార్చే రోజు ఎలాగూ గేర్‌బాక్సు దించుతారు, రింగు పని అప్పుడే పెట్టుకుంటే దించే కూలి ఒకసారితో పోతుంది.

నూనె మార్చిన వారం రోజుల పాటు రాత్రి బండి నిలిపేచోట, గేర్‌బాక్సు కిందికి వచ్చేలా పాత వార్తాపత్రిక ఒకటి పరచండి. ఉదయం దాని మీద చుక్క కనిపిస్తే ఏ ప్లగ్గు కిందో, ఏ షాఫ్టు కిందో చూసి ఆ రోజే బిగింపించుకోండి. దిగిన నూనె రంగు, పరిమాణం, అయస్కాంతం మీద ఏముందో నాకు రాయండి, ఫోటో ఉంటే ఇంకా మంచిది. రింగు ఎంతకాలం ఆగుతుందో దాన్ని చూసి చెబుతాను.